నురగ మీద ప్రార్థన

మా మేనమామను సమాధి చేసి ఇంటికొచ్చి అందరం భోజనాలకు కూర్చున్నాం. అన్నం పెట్టారు, పప్పు వేశారు, మటన్ కూర వచ్చింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. కూర మీద నూనె తెట్టు కడుతున్నా అట్లాగే కూర్చున్నాం. మేమంతా ఆయన కోసమే చూస్తున్నామని కాసేపటికి గానీ అర్థం కాలేదు. మా ఇళ్ళల్లో భోజనానికి ముందు ప్రార్థన చేసే ఉద్యోగం ఆయనది. అందులో సెలవుల్లేవు, రిటైర్మెంటు లేదు, ఇంకొకరికి అవకాశం ఇద్దామన్న ఆలోచన అసలే లేదు. చివరికి అమ్మే, "ఎవలన్న చెయ్యుండ్రి, అన్నం సల్లగయితున్నది" అంది. అన్నం చల్లబడడం మాకు కొత్తేమీ కాదు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన పంక్తిలో కూర్చున్నవాళ్ళెవరూ వేడన్నం ఎరగరు.

మామ మెదక్‌లో సైన్సు మాస్టారు, పైగా చర్చి కమిటీలో పెద్దమనిషి. ఈ రెండూ ఒకే మనిషిలో కూడితే ప్రార్థన పాఠంలా నడుస్తుంది. ముందు ఉపోద్ఘాతం. తర్వాత అన్నం పుట్టుపూర్వోత్తరాలు: విత్తనం, వాన, ఘనపురం కాలువలో నీళ్ళు, రైతు నడుము నొప్పి. తర్వాత వండిన చేతులు. ఆ తర్వాత ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళు, పేరుపేరునా, ఎవరికి ఏ జబ్బో వివరంగా. ఎవరెవరు ఏ ఆస్పత్రిలో ఉన్నారో మాకు ఆ ప్రార్థనల్లోనే తెలిసేది. ఉద్యమం రోజులు వచ్చాక ప్రత్యేక రాష్ట్రం కూడా సిలబస్‌లో చేరింది. "ప్రభువా, నువ్వు ఇయ్యాల్ననుకుంటె ఢిల్లీవోల్లు ఎవలు ఆపనీకె?" అని ఆయన కళ్ళు మూసుకుని నిలదీస్తుంటే, మేం ఒక కన్ను తెరిచి చారు వైపు చూసేవాళ్ళం.

ప్రార్థన మొదలు కాబోతోందనడానికి ఒకటే గుర్తు. ఎవరి చెయ్యి కంచం మీదికి పోయినా ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగుండ్రి" అనేవాడు. ఆ మాటకు ఎదురు లేదు. ఒకసారి చర్చి హాల్లో ఎవరిదో పెళ్ళి విందుకు ఒక మంత్రిగారు హడావిడిగా వచ్చి, వచ్చినంత హడావిడిగా ప్లేటు అందుకోబోయాడు. "జర ఆగుండ్రి" అన్నాడు మామ. మంత్రిగారు ఆగాడు. గన్‌మెన్లు ఆగారు. బయట ఇంజిను ఆపని కార్లు కూడా కొంతసేపటికి ఆగాయి. పైన పిడుగు పడ్డా ఆయన ప్రార్థన మధ్యలో ఆపిన దాఖలా లేదు.

దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాసిన రోజుల్లో మా మెదక్ దాకా వచ్చింది మాత్రం ఒక నూడుల్స్ బండి. మామ మమ్మల్నందరినీ చౌరస్తాకు తీసుకెళ్ళాడు. రోడ్డు పక్కన నిలబడి ప్లేట్లు చేతికి తీసుకోగానే, "జర ఆగుండ్రి, కొత్త తిండి, జర మంచిగ చెయ్యాలె" అన్నాడు. తలలు వంచి నిలబడ్డ మమ్మల్ని చూసి ఎవరో పోయారనుకుని ఇద్దరు ముగ్గురు సైకిళ్ళు దిగారు. ఆ తర్వాత టౌన్‌లో ఏసీ ఫ్యామిలీ సెక్షన్ వచ్చింది. ఆ తర్వాత తూప్రాన్ దగ్గర హైవే మీద ఒక ధాబాలో సిజ్లర్ పెట్టారు. ఎర్రగా కాల్చిన ఇనప ప్లేటు మీద కూర అది, బల్ల మీదికి వచ్చాక కూడా చుయ్యిమని అరుస్తూనే ఉంటుంది. దాని సప్పుడుకు తన మాట దేవుడికి వినిపించదని మామకు అనుమానం వచ్చి గొంతు పెంచాడు. అది తగ్గలేదు. ఆయనా తగ్గలేదు. పక్క బల్లల వాళ్ళు లేచి నిలబడ్డారు. చివరికి ప్లేటే ఓడిపోయి చల్లారింది.

కొత్త తిండి అంటే ఆయనకు భయం లేదు, పైగా మోజు. చూసేవాళ్ళు అక్కడే పొరబడేవాళ్ళు. గోధుమరంగు సఫారీ సూటు వేసుకుని, నూనె రాసి దువ్విన తలతో పెద్ద హోటళ్ళలోకి పోతుంటే, ఈయన లోపలికి పోయి ముద్దపప్పు అడుగుతాడని గుమ్మం దగ్గరివాళ్ళు అనుకునేవాళ్ళు. ఆయన మెనూ కార్డును పరీక్ష పేపరులా మొదటి నుంచి చివరిదాకా చదివి, ఎన్నడూ వినని పేరు మీద వేలు పెట్టేవాడు. పేపర్లో హైదరాబాద్ పేజీ చదివి, శనివారం బస్సెక్కి కొత్తగా తెరిచిన రెస్టారెంట్లు చూసి వచ్చేవాడు. మెదక్‌లో డాక్టరు గానీ వకీలు గానీ సిటీలో ఎవరికైనా విందు ఇవ్వాలంటే ముందు మామ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన తిండి సంగతి అడిగేవాడు కాదు.

"ఎవలతోటి వోతున్నవ్? వాల్లతోటి ఏం పనున్నది?"

అన్నదమ్ముల పంచాయతీ అంటే, "బొక్కలు కొరికే తిండి వెట్టే కాడికి తోల్కవో. మాట్లాడనీకె నోరు ఖాళీ ఉండది" అనేవాడు. పై ఆఫీసరును ఏదైనా అడగాలంటే బఫే వద్దు. "నువ్వు అడిగేటాళ్ళకు గాయన ప్లేటు వట్కొని లేసిపోతడు." ఇట్లా ఆయన ఖ్యాతి కౌడిపల్లి దాకా పాకింది. ఆయన సలహా వల్ల ఎన్ని పనులయ్యాయో తెలియదు గానీ, కాకపోతే తప్పు మాత్రం ఎప్పుడూ వంటవాడిదే.

ఆ ఖ్యాతి నా పెళ్ళి మీద పడింది.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నాకు ముప్ఫై దగ్గర పడుతున్నాయి, మెదక్‌లోనే జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అప్పటికి రెండు సంబంధాలు వచ్చి, "మెదక్ అంటే మరీ లోపలికి కదండీ" అని వెళ్ళిపోయాయి. లోపలికి అంటే అడవి అనుకున్నారో ఏమో. మూడోది మాత్రం నాకు నేనుగా కావాలనుకున్నది. సిటీలో ఒక ట్రైనింగులో పరిచయమైన అబ్బాయి. మా చర్చి వాళ్ళే, సికింద్రాబాద్‌లో ఉంటారు. అతను నవ్వితే ముందు కళ్ళు నవ్వేవి. అతనంటే నాకు ఇష్టం, ఇంతకంటే దాచడానికి ఏమీ లేదు. అతని తల్లి ఒక స్కూలు నడుపుతుంది. ఆమె మా అమ్మకు ఫోన్ చేసి, "ఇళ్ళల్లో ఈ ఫార్మాలిటీస్ ఎందుకు మేడమ్, ఏదైనా మంచి రెస్టారెంట్‌లో లంచ్‌కి కలుద్దాం. ప్లేస్ మీరే డిసైడ్ చేయండి" అంది. ఎంత మర్యాదగా ప్రశ్నపత్రం చేతికిచ్చిందో చూడండి.

అమ్మకు పరేషాన్ పట్టుకుంది. మామ మాత్రం ఇన్నాళ్ళకు తన స్థాయికి తగ్గ కేసు వచ్చినట్టు సఫారీ ఇస్త్రీ చేయించాడు.

వరుసగా శనివారాలు సిటీకి పోయి వచ్చాడు. అప్పుడు సిటీలో కొత్త రకం రెస్టారెంట్ల కాలం నడుస్తోంది, ఆకలైనవాళ్ళు వాటిలోకి పోరు. మొదటిది ఒక పెద్ద హోటల్ పై అంతస్తులో. మామ వచ్చి పెదవి విరిచాడు. "పాటలు మస్తు జోరుగ వెడ్తుండ్రు. మనం జెప్పేది మనకే ఇనవడది, దేవునికేం ఇనవడ్తది?" రెండోదాన్లో లైట్లన్నీ తీసేసి చీకట్లో భోజనం పెడతారట, రుచి బాగా తెలుస్తుందని. దానికి ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "కండ్లు మూసుకునుడు మన ఇష్టం మీద ఉండాలె. వాల్లే లైట్లు ఆర్పితె ఇగ ప్రార్థనకు ఇజ్జత్ ఏమున్నది?" మూడోదాన్లో వంటవాళ్ళు అందరి ముందరా మంట లేపి వండుతారు. "పిల్లను జూడనీకె వస్తుండ్రు, సర్కస్ జూడనీకె గాదు" అని దాన్నీ కొట్టేశాడు.

నాలుగోది చూసి వచ్చిన రోజు ఆయన ముఖం వెలిగిపోయింది.

"బిడ్డా, గది హోటల్ గాదు. మా స్కూల్ ల్యాబ్ లెక్కనే ఉన్నది. పిపెట్లున్నయ్, టెస్ట్ ట్యూబులున్నయ్, పొగలొస్తున్నయ్. ఒక్కటే ఫరక్, దానికి గ్రాంట్ వచ్చింది."

"తిననీకె ఏముంటది అన్నా?" అంది అమ్మ.

"మనం అడుగుడు లేదు. వాల్లకు తోచింది ఒక్కొక్కటి పెడ్తనే ఉంటరు. మనింట్ల గూడ గంతే గద."

రసాయనశాస్త్రం తిండిలోకి దిగిందని ఆయన సంబరం. సప్పుడు లేదు, మనుషులు మెల్లగా మాట్లాడుతున్నారు, పెళ్ళి మాటలకు ఇంతకంటే మంచి జాగ దొరకదన్నాడు. నేను అబ్బాయికి ఫోన్ చేసి పేరు చెబితే అతను ఈల వేశాడు. వాళ్ళమ్మ అదే చోటికి ఎప్పటి నుంచో పోదామంటోందట. మామ మీద నాకు ఒక్కసారిగా భక్తి పుట్టింది. అది ఆదివారం మధ్యాహ్నం దాకా నిలిచింది.

ఆదివారం పొద్దున కిరాయి కార్లో బయలుదేరాం. కౌడిపల్లి దగ్గర రాస్తారోకో. ప్రత్యేక రాష్ట్రం కావాలని రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని తినే కార్యక్రమం పెట్టారు. వంటావార్పు అనేవాళ్ళు దాన్ని. బగారా అన్నం అప్పుడే దించుతున్నారు. లేటయితే నా బతుకేం కానని నేను గోళ్ళు కొరుక్కుంటుంటే మామ కారు దిగి వాళ్ళ దగ్గరికి పోయాడు. ఒక యువకుడు ఆయనకు విస్తరి ఇవ్వబోయాడు. "జర ఆగుండ్రి" అని మామ గుండిగ ముందు నిలబడి మొదలుపెట్టాడు. విత్తనం, వాన, కాలువ దాటి ఢిల్లీ దాకా వచ్చేసరికి ఆకలితో ఉన్న ఉద్యమకారులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "సారూ, మీరు అర్జెంటుగ వోవాలె గద, వోండ్రి" అని వాళ్ళే రాళ్ళు జరిపారు. ఆయన భక్తికి కరిగి దారి ఇచ్చారని మామ నమ్మకం. అన్నం చల్లారుతుందని ఇచ్చారని నా నమ్మకం.

కారు కదిలాక అమ్మ బతిమాలింది. "అన్నా, ఆడ మాత్రం ఒక్కపారే చెయ్యి. చిన్నగ. వాల్లు సిటీవోల్లు."

"నాకెరుక లేదానె?" అన్నాడు మామ. ఆ మాటకు అర్థం ఒప్పుకున్నట్టా కాదా అన్నది దారిపొడుగునా మాకు తేలలేదు.

అబ్బాయి, తల్లి, తండ్రి మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. తండ్రి రైల్వేలో చేసి రిటైరయిన నెమ్మది మనిషి. తల్లి చీర మడత ఒక్కటి కూడా చెదరలేదు. ఆమె మామ సఫారీని పై నుంచి కింది దాకా ఒకసారి చదివి, చిరునవ్వు నవ్వి, "గుడ్ చాయిస్ సర్" అంది. మామ పొంగిపోయాడు. నేనూ పొంగాను.

మొదటి ప్లేటు వచ్చింది. చెంచాలో ఒక పచ్చని గోళీ. నల్లకోటు వేసుకున్న సర్వరు అది మామిడికాయ రసమనీ, నోట్లో పెట్టుకుంటే పగులుతుందనీ వివరంగా చెప్పాడు. "సార్ మంచిగ చెప్తుండు" అని మామ మెచ్చుకుని, "జర ఆగుండ్రి" అన్నాడు. పూర్తి నిడివి ప్రార్థన. సికింద్రాబాద్ వాళ్ళు తలలు వంచారు. ఆమెన్ అయింది, గోళీలు పగిలాయి, అందరం నవ్వుకున్నాం. గండం గడిచిందని అమ్మ నావైపు చూసింది.

రెండో ప్లేటులో నురగ. చింతపండు, వేయించిన జీలకర్ర, ఇంకేవో కలిపి లేపిన తెల్లటి నురగ, కింద చిన్న చేపముక్క. "వెంటనే తీసుకోండి సర్, ఇది ఎక్కువసేపు నిలవదు" అన్నాడు నల్లకోటు.

"జర ఆగుండ్రి" అన్నాడు మామ.

నేను ఒక కన్ను తెరిచి చూస్తూనే ఉన్నాను. విత్తనం దగ్గర నురగ నిండుగా ఉంది. వాన దగ్గర అంచులు జారాయి. జబ్బుపడ్డవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బుడగలు ఒక్కొక్కటే పోతున్నాయి, చిన్న సప్పుడుతో. ఆమెన్ నాటికి ప్లేటులో తడి మిగిలింది. ఆ తడినే మామ చెంచాతో తీసుకుని, కళ్ళు మూసి, "మస్తున్నది" అన్నాడు. వెటకారం కాదు, ఆయనకు నిజంగా నచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ తడి నాకూ నచ్చింది. నురగగా ఉన్నప్పుడు ఎట్లా ఉండేదో ఆ బల్ల మీద ఎవరికీ తెలియలేదు.

"బ్యూటిఫుల్ ప్రేయర్ సర్" అంది అబ్బాయి తల్లి. "మా ఇంట్లో భోజనానికి ఒక్కసారే చేసుకుంటాం."

"ఒక్కపారి వడ్డిస్తె ఒక్కపారి చాలమ్మా" అన్నాడు మామ ఓపికగా, వెనక బెంచీ పిల్లకు చెప్పినట్టు. "గీల్లు మల్ల మల్ల వడ్డిస్తుండ్రు గద. ఒక్కొక్క ప్లేటుకు ఎంత కష్టవడ్డరో సూడుండ్రి. అన్నిటికి గలిపి ఒక్క స్తోత్రం జెప్పి తింటె, దేవునికి గాదు, వండినోనికి అన్యాలం జేసినట్టు."

అబ్బాయి నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగాడు. వాళ్ళమ్మ నవ్వలేదు. తర్వాత వచ్చిన మంచు ముక్క నీళ్ళయింది. అప్పడంలాంటిదేదో మెత్తబడింది. నల్లకోటు మనిషి ప్రతిసారీ "సర్, వెంటనే" అనడం, మామ చెయ్యి అడ్డం పెట్టడం. అమ్మ బల్ల కింద కాలితో తన్నుతోంది. రెండుసార్లు నాకే తగిలింది. నాకు మాత్రం అబ్బాయి తల్లి ముఖం తప్ప ఇంకేమీ కనబడడం లేదు. ఆ చిరునవ్వు నురగ కంటే త్వరగా తగ్గిపోతోంది. ఈ సంబంధం కూడా పోతోందని, ఈసారి పోతే నేను తట్టుకోలేనని నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాతి ప్లేటులో పలుచని మంచు పెంకు, దానిలోపల ఏదో పులుసు. మామ ప్రార్థన ఎన్నడూ పోని దారిలోకి పోయింది. "ప్రభువా, గీ పిల్ల తండ్రి ఉన్నుంటె గీ కుర్చీల ఆయన కూసుంటుండె. నేను గాదు. నాకు..."

కరకరమని పెంకు పగిలిన సప్పుడు.

అబ్బాయి తల్లి తింటోంది. మామ ఆగిపోయాడు. మంత్రిగారికి ఆగనివాడు, ఇనప ప్లేటుకు ఆగనివాడు, చెంచా సప్పుడుకు ఆగిపోయాడు. అందరం కళ్ళు తెరిచాం. ఆమె ముఖం ఎర్రబడింది. "సారీ సర్, కరిగిపోతుందన్నారని..." అని చెంచా ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని కూర్చుంది. అబ్బాయి తలెత్తలేదు. అయిపోయింది అనుకున్నాను.

"తినుండ్రమ్మా" అన్నాడు మామ. గొంతులో కోపం లేదు. "దేవుడు ఏడికి వోడు. గిదే వోతది."

తనూ చెంచా తీసుకుని తిన్నాడు. ఆ తర్వాత ప్లేట్లు వచ్చాయి, పోయాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. నల్లకోటు మనిషి "వెంటనే" అంటే మామ వెంటనే తిన్నాడు. ఒక్క మాట లేకుండా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లవాడిలా. అమ్మా నేనూ పొద్దున్నుంచీ కోరుకున్నది సరిగ్గా ఇదే. తీరా జరిగితే నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని అట్లా కూర్చోబెట్టిన ఆ బల్ల మీద, ఆ మంచు పెంకుల మీద, నా పెళ్ళి మీద కూడా కోపం వచ్చింది.

చివరి ప్లేటులో ఐస్‌క్రీములా గడ్డకట్టించిన ఖుబానీ మీఠా, చుట్టూ తెల్లని పొగ. "లాస్ట్ కోర్స్ సర్. పొగ ఉండగానే తీసుకోవాలి" అన్నాడు సర్వరు.

మామ పొగ వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"జర ఆగుండ్రి."

అబ్బాయి తల్లి చెంచా కింద పెట్టేసింది. తండ్రి వెనక్కి ఆనుకున్నాడు, ఎంతసేపైనా తప్పదన్నట్టు. అందరం కళ్ళు మూసుకున్నాం.

"ప్రభువా, మా పిల్ల. ఆమెన్."

మేం కళ్ళు తెరవలేదు. మిగతాది వస్తుందని అట్లాగే ఉన్నాం. విత్తనం రాలేదు, వాన రాలేదు, ఢిల్లీ రాలేదు. చెంచా సప్పుడు విని చూస్తే మామ తింటున్నాడు. ప్లేట్ల చుట్టూ పొగ ఇంకా చెదరలేదు.

"అంతేనా మాస్టారూ?" అన్నాడు అబ్బాయి తండ్రి.

"అంతే సార్. దేవునికి జెప్పేది అయిపాయె. ఇగ చెప్పాల్సింది మీరే."

అబ్బాయి తల్లి తన ప్లేటు ముట్టుకోలేదు. పొగ పోయింది, మీఠా కరగడం మొదలైంది, ఆమె దాన్ని కరగనిచ్చింది. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, "మీ మెదక్ దారిలో ఏ ఆదివారం బంద్ ఉండదో కొంచెం కనుక్కోండి వదినా, మేం రావాలి" అంది. అప్పటిదాకా ఆమె మా అమ్మను మేడమ్ అనే పిలిచింది.